గృహమునకు తగిన చలనచిత్ర డిస్కు ప్లేయరు

యంత్రమును కొనబోవువారు సాధారణముగా యంత్రమునే చూతురు. డిస్కు ప్లేయరు విషయమున మాత్రము ముందుగా చూడవలసినది యంత్రము కాదు, దానిలో పెట్టదలచిన డిస్కు. ఈ మాట చాల స్వల్పముగా తోచును. అయినను 2006 మొదలు 2008 వరకు ప్రపంచమందలి గొప్ప గొప్ప విద్యుత్పరికర సంస్థలు రెండు పక్షములుగా చీలి చేసిన పోరాటము ఈ మాట చుట్టునే తిరిగినది. అందులో ఒక పక్షపు యంత్రములను కొన్నవారు రెండేండ్లలోనే వానిని మూల పెట్టవలసి వచ్చెను. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలోని తెలుగు కుటుంబములకు ఆ పోరాటపు వేడి తగులలేదు గాని, దానిలోని పాఠము మనకే ఎక్కువగా వర్తించును. ఏలయన మన యిండ్లలోని తెలుగు చిత్రములు చాల వరకు పాత డిస్కులపైననే యున్నవి.

మన ప్రాంతపు వారికి ఈ సంగతి బోధపడుటకు రైలుదారి ఉదాహరణము చాలును. 1905లో తిరుప్పత్తూరు నుండి కృష్ణగిరికిని, 1906లో మొరప్పూరు నుండి ధర్మపురికిని సన్నని రైలుదారులు వేయబడినవి. రెండవ దారి 1913లో హోసూరు వరకు పొడిగింపబడెను. వీని పట్టాల నడుమ దూరము రెండున్నర అడుగులు. వీనితో కలియు పెద్ద దారి పట్టాల నడుమ దూరము ఐదున్నర అడుగులు. పెద్ద దారిపై వచ్చిన పెట్టె చిన్న దారిపైకి ఎక్కజాలదు. సరుకునంతయు దింపి మరల ఎక్కింపవలెను. 1941లో ఈ దారులు మూతపడినవి. హోసూరునకు తరువాత వేరొక కొలతతో రైలు వచ్చినది. కృష్ణగిరి పట్టణమునకు నేటికిని రాలేదు. పట్టాలు గట్టివై యుండుట వేరు, ఇతరుల పెట్టెలు వానిపై నడచుట వేరు. డిస్కుకును ప్లేయరునకును గల సంబంధము సరిగా ఇట్టిదే.

ఇక డిస్కు పనిచేయు విధమును తెలిసికొందము. తాటియాకుపై గంటముతో వ్రాసిన కాలమున, గంటపు మొన ఎంత సన్ననిదైన అక్షరము అంత చిన్నదగుచుండెను. ఒక్క ఆకులో అంత ఎక్కువ గ్రంథము ఇముడుచుండెను. డిస్కులోను ఇదే న్యాయము. వీసీడీ, డీవీడీ, బ్లూ-రే, హెచ్‌డీ డీవీడీ అన్నియు పైకి ఒకే పళ్ళెము: అడ్డుకొలత 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటరు. లోపల చుట్టలు చుట్టుకొని పోవు బాటలో కంటికి కనబడని గుంటలుండును. లేజరు కిరణము ఆ బాట వెంట నడచుచు, తిరిగివచ్చు వెలుగులోని హెచ్చుతగ్గులను బట్టి గుంట యున్న చోటును లేని చోటును గుర్తించును. ఆ కిరణపు మొనయే ఇచ్చట గంటపు మొన.

1982లో వచ్చిన సీడీలో వాడినది 780 నానోమీటర్ల కిరణము. బాటల నడుమ ఎడము 1.6 మైక్రోమీటరు. 1996లో జపానులో వెలువడిన డీవీడీలో 650 నానోమీటర్ల ఎఱ్ఱని కిరణము, ఎడము 0.74 మైక్రోమీటరు. కావుననే సీడీలో సుమారు 700 మెగాబైట్లు పట్టగా, డీవీడీలో ఒక్క పొరకు 4.7 గిగాబైట్లును రెండు పొరలకు 8.5 గిగాబైట్లును పట్టినవి. అంతకన్న సన్నని మొన కావలెనన్నచో నీలి కిరణము కావలెను. నీలి వెలుగునిచ్చు అర్ధవాహకమును తయారు చేయుట చిరకాలము వరకు ఎవరికిని సాధ్యము కాలేదు. జపాను శాస్త్రజ్ఞులైన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమూర అనువారు గాలియం నైట్రైడు అను పదార్థముతో దానిని సాధించిరి. నీలి దీపమును కనుగొన్నందులకు ఈ మువ్వురకును 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఆ పదార్థముతోనే 405 నానోమీటర్ల నీలలోహిత లేజరు కూడ తయారైనది.

పోరాడిన రెండు పక్షములును వాడినది ఈ ఒక్క 405 నానోమీటర్ల కిరణమునే. భేదమంతయు కటకములో నున్నది. కిరణమును ఎంత వెడల్పు కోణమునుండి ఒక్క బిందువునకు కూర్చగలదో తెలుపు సంఖ్య ఒకటి ప్రతి కటకమునకును కలదు. హెచ్‌డీ డీవీడీ కటకమునకు అది 0.65, బ్లూ-రే కటకమునకు 0.85. ఈ సంఖ్య పెరిగిన కొలది మొన సన్నగిలును. గణితము చదువు విద్యార్థులు ఇచ్చట ఒక చిన్న లెక్క చేయవచ్చును. 405ను 0.65తో భాగించిన 623 వచ్చును, 0.85తో భాగించిన 476 వచ్చును. మొన పరచుకొను వైశాల్యము ఈ సంఖ్యల వర్గములను బట్టి యుండును గనుక, రెండు వర్గముల నిష్పత్తి 1.7. ఇప్పుడు డిస్కులను చూడుడు: హెచ్‌డీ డీవీడీలో ఒక్క పొరకు 15 గిగాబైట్లు, బ్లూ-రేలో ఒక్క పొరకు 25 గిగాబైట్లు. వీని నిష్పత్తియు దాదాపు అంతే. రెండేసి పొరలు గల డిస్కులలో ఇవి 30, 50 గిగాబైట్లగును.

అట్లయిన హెచ్‌డీ డీవీడీ వారు తక్కువ దానిని ఎందుకు కోరిరి? దానికి కారణము తయారీ ఖర్చు. డీవీడీలో గుంటలున్న పొర 0.6 మిల్లీమీటరు లోతున, అనగా పళ్ళెము మందములో సరిగా నడుమ నుండును. హెచ్‌డీ డీవీడీలోను అంతే. కావున డీవీడీలు చేయు కర్మాగారములే కొద్ది మార్పులతో వీనిని చేయగలిగెను. బ్లూ-రేలో ఆ పొర కిరణము ప్రవేశించు వైపున 0.1 మిల్లీమీటరు లోతున మాత్రమే యున్నది. దానికి క్రొత్త యంత్రసామగ్రి కావలసి వచ్చెను. అంత పలుచని కప్పుపై చిన్న గీత పడినను చదువుట కష్టము గనుక మొదటి బ్లూ-రే డిస్కులను ఒక పెట్టెలో బిగించియే వాడిరి. టీడీకే సంస్థ గట్టి పైపూతను కనుగొన్న పిదప ఆ పెట్టె అవసరము తీరెను.

డిస్కులో స్థలము పెరిగినచో చూచువారికి కలుగు లాభమేమి? తెరపై బొమ్మ చుక్కలతో ఏర్పడును. వీసీడీ బొమ్మలో అడ్డముగా 352, నిలువుగా 288 చుక్కలు, అనగా మొత్తము లక్షకు కొంచెము పైన. డీవీడీలో 720, 576, మొత్తము 4,14,720. బ్లూ-రేలోను హెచ్‌డీ డీవీడీలోను 1920, 1080, మొత్తము 20,73,600. ఇది డీవీడీకి సరిగా అయిదు రెట్లు. 'మాయాబజార్' 1957లో వెలువడినప్పుడు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ నలుపు తెలుపులలో పట్టిన వెన్నెలను మన పెద్దలు నేటికిని చెప్పుకొందురు. ఆ వెన్నెలను వీసీడీలో చూచినచో నీటిపై మెరుపులు గళ్ళు గళ్ళుగా విరిగిపోవును. వెలుగునుండి నీడకు మెల్లగా జారు చోట మెట్లు కట్టినట్లు కనబడును. ఇది బార్ట్లీ లోపము కాదు, చిత్రపు ప్రాయమును కాదు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో డీవీడీ పట్టగలదాని కన్న ఎంతో ఎక్కువ వివరము కలదు. మూల ఫిల్మునుండి శ్రద్ధగా తీసినచో పాత చిత్రము కూడ అధిక స్పష్టతతో రాగలదు. వీసీడీనుండి తీసినది మాత్రము ఎంత పెద్ద డిస్కుపై నెక్కించినను వీసీడీగానే యుండును.

మన చిత్రముల నిడివి వలన ఈ లెక్క మనకు మరింత ముఖ్యమైనది. 'మాయాబజార్' మూడు గంటలకు పైగా నడచును. ఒక్క వీసీడీ 80 నిమిషములకు మించి పట్టదు. అందుచేతనే అట్టి చిత్రము మూడు డిస్కులుగా వచ్చును. మూడు గంటల చిత్రమును రెండు పొరల డీవీడీలో నింపినచో క్షణమునకు సుమారు 6.3 మెగాబిట్లు బొమ్మకును ధ్వనికిని దక్కును. అదే డిస్కుపై మూడు చిత్రములను కుక్కినచో ఒక్కొక్క దానికి 2.1 మెగాబిట్లే మిగులును. వీసీడీ బొమ్మకు 1.15 మెగాబిట్లు. అంగళ్ళలో 'ఒకే డిస్కులో మూడు సినిమాలు' అని అమ్మినవి పేరునకు డీవీడీలే గాని చూపునకు వీసీడీకి దాపున నున్నట్లు తోచుటకు కారణమిదియే. పెద్ద డిస్కుల సంగతియు నిట్లే. రెండు గంటల ఇంగ్లీషు చిత్రమునకు 30 గిగాబైట్ల హెచ్‌డీ డీవీడీ క్షణమునకు 33 మెగాబిట్లు ఇయ్యగలదు. అది చాలునని ఆ పక్షమువారు వాదించిరి. మన మూడు గంటల చిత్రమునకు అది 22కు దిగును. బ్లూ-రేలో 37 దొరకును. హాలీవుడ్ వారు తమ చిత్రముల నిడివిని బట్టి తర్కించిన విషయమున తెలుగు చిత్రపు కొలతతో చూచినచో బ్లూ-రేయే మేలని తేలును.

పోరాటపు కథ చెప్పుటకు ఎక్కువ కాలము పట్టదు. హెచ్‌డీ డీవీడీ పక్షమునకు తోషిబా నాయకత్వము వహించెను, ఎన్.ఇ.సి., మైక్రోసాఫ్ట్ దానికి తోడ్పడినవి. బ్లూ-రే పక్షమున సోనీ, పానసోనిక్, ఫిలిప్స్, పయొనీర్, సామ్‌సంగ్ మొదలగునవి నిలిచినవి. 2006 మార్చి చివరను జపానులోను, ఏప్రిలులో అమెరికాలోను తోషిబా యంత్రము వెలువడెను. అమెరికాలో దాని వెల 499 డాలర్లు. జూను నెలలో వచ్చిన సామ్‌సంగ్ బ్లూ-రే యంత్రపు వెల దానికి రెట్టింపు. చవకదే గెలుచునని పలువురు తలచిరి. ఆ సంవత్సరము నవంబరులో సోనీ తన ఆటల యంత్రమైన ప్లేస్టేషన్ 3లో బ్లూ-రేను చేర్చి విడిచెను. ఆటకని కొన్నవారి ఇండ్లలోనికి చిత్రములు చూచు యంత్రము కూడ చెప్పకయే ప్రవేశించినది.

అసలు బలము చిత్రనిర్మాణ సంస్థల చేతిలో నుండెను. సోనీ, డిస్నీ, ఫాక్స్ చిత్రములు బ్లూ-రేలోనే వచ్చినవి; యూనివర్సల్ చిత్రములు హెచ్‌డీ డీవీడీలోనే వచ్చినవి. వార్నర్, పారమౌంట్ మొదట రెంటిలోను విడుదల చేసినవి. రెండు విధముల డిస్కులను చదువు యంత్రమును 2007లో ఎల్.జి. సంస్థ తెచ్చినది గాని దాని వెల సామాన్యులకు అందలేదు. 2007 ఆగస్టులో పారమౌంట్ హెచ్‌డీ డీవీడీ వైపు మరలెను. నవంబరు ఆరంభమున అమెరికాలోని వాల్‌మార్ట్ అంగళ్ళు తోషిబా యంత్రమునొకదానిని నూరు డాలర్లకు లోపునకే అమ్మినవి. అయినను 2008 జనవరి 4వ తేదీన వార్నర్ తాను ఇకమీదట బ్లూ-రేలోనే విడుదల చేయుదునని ప్రకటించెను. దానితో త్రాసు ఒరిగిపోయినది. ఫిబ్రవరి 15న వాల్‌మార్ట్ హెచ్‌డీ డీవీడీల అమ్మకమును మానుదుననెను. 19న తోషిబా తన యంత్రముల తయారీని ముగింతునని ప్రకటించెను. మరుసటి సంవత్సరము తోషిబాయే బ్లూ-రే యంత్రమును అమ్మినది.

ఓడిన యంత్రము చెడ్డది కాదు. దానికి అమెరికా డిస్కు, జపాను డిస్కు అను ప్రాంత భేదము లేదు. కొనువారికి ఇది ఒక మేలైన గుణము. దాని బొమ్మకును బ్లూ-రే బొమ్మకును భేదము సామాన్యపు కంటికి అందునది కాదు. అయినను దానిలో పెట్టుటకు చిత్రములు రాకపోవుట చేత ఆ మంచితనము కొన్నవారికి ఉపకరింపలేదు. అంతకు పూర్వము టేపుల కాలమునను ఇట్లే జరిగినది. సోనీ బేటామాక్స్ 1975లోను, జేవీసీ వీహెచ్ఎస్ 1976లోను వచ్చినవి. మొదటి దానిలో ఒక టేపు ఒక గంట నడచెను, రెండవ దానిలో రెండు గంటలు. బొమ్మ నాణ్యమున బేటామాక్స్ మేలని వాదించినవారు నేటికిని కలరు. కాని ఒక చిత్రము ఒక టేపులో పట్టుట, అద్దె అంగడిలో ఆ టేపు దొరకుట అను రెంటిని బట్టియే జనులు నిర్ణయించుకొనిరి.

ఇక మన సంగతి. పై పోరాటము జరుగుచున్న దినములలో మన దేశమున జనులు కొన్నవి వీసీడీలు, డీవీడీలు. 2007 ప్రాంతమున మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకును డీవీడీని 34 రూపాయలకును అమ్మసాగగా, చిత్రమును సొంతముగా కొని ఇంటనుంచుకొనుట సామాన్య కుటుంబమునకును సాధ్యమైనది. ఆ కాలమే మన పిల్లల చదువులోను మార్పు వచ్చిన కాలము. తమిళనాడు ప్రభుత్వపు 2006 నాటి చట్టము ప్రకారము 2006-07లో ఒకటవ తరగతితో మొదలై ఏటేట ఒక్కొక్క తరగతి చొప్పున తమిళము నిర్బంధ పాఠ్యమైనది; 2015-16లో అది పదవ తరగతిని చేరెను. దానిపై అల్పసంఖ్యాక భాషల వారు న్యాయస్థానములకు వెళ్ళిరి. ఆ వివాదము ఈ వ్యాసమునకు విషయము కాదు. బాగలూరులోనో, తళిలోనో, డెంకణికోటలోనో బడిలో తెలుగు తగ్గిన పిల్లవానికి విడువక చెవిని పడు తెలుగు ఇంటి మాటయు, చిత్రములలోని మాటయు. అందులోను పౌరాణిక చిత్రములలోని నిండైన వాక్యములు ఇంటి మాటలో దొరకవు. చిత్రములు నేర్పునది మంచి తెలుగు కాదను పెద్దల మాటలో కొంత నిజము కలదు. అయినను పాత చిత్రముల విషయమున ఆ మాట ఒప్పుకొనదగినది కాదు.

కావున నేడు ప్లేయరును కొనదలచిన తెలుగు కుటుంబము మొదట తన అలమర తెరచి డిస్కులను లెక్కింపవలెను. అవి చాల వరకు వీసీడీలైనచో, ఇచ్చట ఒక చిక్కు కలదు. డీవీడీ ప్లేయరులు ఇంచుమించుగా అన్నియు వీసీడీని చదువును. వెల హెచ్చైన బ్లూ-రే ప్లేయరులన్నియు చదువవు. డీవీడీని, పాటల సీడీని అంగీకరించి, వీసీడీని త్రోసిపుచ్చు బ్లూ-రే ప్లేయరులు పెక్కు కలవు. క్రొత్తది పాతవానినన్నిటిని చదువునను నమ్మకముతో కొని, ఇంటికి వచ్చిన పిమ్మట కనుగొనుట కన్న, ఒక వీసీడీని సంచిలో వేసికొని అంగడికి పోయి అచ్చటనే పెట్టి చూచుట మేలు. హోసూరులో దొరకనిచో బెంగళూరు నలువది కిలోమీటర్ల దూరమే.

రెండవది, ప్రాంత సంకేతము. నిర్మాతలు ప్రపంచమును భాగములుగా చేసి, ఒక భాగపు డిస్కు మరొక భాగపు యంత్రమున నడువకుండ కట్టుబాటు చేసిరి. డీవీడీలలో మన దేశము 5వ ప్రాంతము, అమెరికా 1వ ప్రాంతము. బ్లూ-రేలో అమెరికా, జపాను 'ఏ' ప్రాంతము. ఐరోపా, ఆస్ట్రేలియా 'బీ'. మన దేశము 'సీ'. అదృష్టవశమున తెలుగు డీవీడీలు అమెరికాలోని తెలుగువారికిని అమ్మవలసినవి గనుక చాల వరకు అన్ని ప్రాంతములకు చెల్లునట్లు చేయబడినవి. అందుకే వానిలో పెక్కింటిపై అమెరికా పద్ధతి యగు ఎన్‌టీఎస్‌సీ అని యుండును. మన దేశపు పద్ధతి పాల్. నేటి టెలివిజన్లు రెంటిని చూపును. జపానునుండియో అమెరికానుండియో బంధువులు తెచ్చిన బ్లూ-రే విషయమున మాత్రము జాగ్రత్త కావలెను. 'బాహుబలి' జపానులో బ్లూ-రేగా వెలువడి అచ్చటివారి మన్ననను పొందినది. అట్టి విదేశపు డిస్కుపై 'ఏ' అని మాత్రమే యున్నచో మన 'సీ' ప్లేయరు దానిని చదువదు. డిస్కు పెట్టె వెనుక భూగోళపు గుర్తులో ఈ అక్షరము ముద్రింపబడి యుండును. 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రేలో ఈ ప్రాంత భేదమును తీసివేసిరి. దాని బొమ్మలో బ్లూ-రేకు నాలుగు రెట్లు, అనగా 82,94,400 చుక్కలుండును. అయితే దానిలో చూడదగిన తెలుగు చిత్రముల కొరకు వెదకినవారికి నిరాశయే ఎక్కువ.

మూడవది టెలివిజను. దానికి 1920, 1080 చుక్కలు లేనిచో బ్లూ-రే కొనుట వ్యర్థము. ఉన్నను, ప్లేయరునుండి టెలివిజనుకు హెచ్‌డీఎంఐ తీగ కావలెను. ఎఱుపు, తెలుపు, పసుపు రంగుల మూడు తీగలతో కలిపినచో అధిక స్పష్టత రాదు. 'పాత డీవీడీని హెచ్‌డీగా మార్చును' అను ప్రకటనను అంగళ్ళలో వినవచ్చును. ప్లేయరు చేయునదెల్ల ఉన్న చుక్కల నడుమ ఊహించి క్రొత్త చుక్కలను నింపుట మాత్రమే. అంచులు కొంత నున్నబడును. లేని వివరము రాదు.

వీనినన్నిటిని ఆలోచించి చూడగా, తెలుగు చిత్రముల కొరకే కొనువారికి యూఎస్‌బీ ముఖము గల మంచి డీవీడీ ప్లేయరు చాలునని నా అభిప్రాయము. ఇంగ్లీషు చిత్రములును, శాస్త్ర విషయిక చిత్రములును చూడగోరువారు, పాఠశాలల పెద్ద తెరకు కావలసినవారు బ్లూ-రేకు పోవచ్చును. వీసీడీని చదువునా అని అడిగియే పోవలెను. అల్ట్రా హెచ్‌డీ మన అవసరములకు నేడు మించినది. హెచ్‌డీ డీవీడీ యంత్రము ఎచ్చటనైన పాత సామానులలో చవకగా కనబడినచో దానిని వింత వస్తువుగా కొనవచ్చును గాని వాడుకకు కొనరాదు.

అంతర్జాలమున చిత్రములు దొరకుచుండగా డిస్కు లేలయని యువకులు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. ప్లేయరుల తయారీదారులును తగ్గుచున్నారు: ఒప్పో సంస్థ 2018లో మానుకొన్నది, సామ్‌సంగ్ 2019లో అమెరికాకు క్రొత్త ప్లేయరులను నిలిపినది, ఎల్.జి. 2024 చివర విరమించినది. మోజర్ బేర్ 2018లో మూసివేత పాలైనది. కాని అంతర్జాల సేవలో చిత్రము మన సొత్తు కాదు. హక్కుల ఒప్పందము తీరిన నాడు అది చెప్పకయే మాయమగును. కొన్న డిస్కు ప్లేయరున్నంత కాలము నడచును. అందుచేత ఇంట పనిచేయుచున్న డీవీడీ ప్లేయరును పాతదని అమ్మివేయుట తొందరపాటు. క్రొత్తవి దొరకుట కష్టమగుచున్న దినములలో అది తాళముచెవి వంటిది.

డిస్కులను కాపాడుటకు ముందు చెప్పిన పొరల లోతే మార్గము చూపును. వీసీడీలో గుంటల పొర బొమ్మలు ముద్రించిన పై వైపునకు అంటియుండును; పైన పలుచని పూత మాత్రమే రక్షణ. కావున వీసీడీని పై వైపున గీయరాదు, దానిపై బాల్ పెన్నుతో వ్రాయరాదు, కాగితము లంటించి పెరుకరాదు. డీవీడీలో పొర నడుమ నున్నది గనుక రెండు వైపుల గీతలకును కొంత ఓర్చును. బ్లూ-రేలో మెరయు అడుగు వైపునే జాగ్రత్తగా చూడవలెను. తుడుచునప్పుడు మెత్తని గుడ్డతో నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను. చుట్టు త్రిప్పి తుడిచినచో గీత బాట వెంటనే పడి, ప్లేయరు దానిని దాటలేదు. రాళ్ళు కోయు చోట్లకు దగ్గరగా నుండు ఇండ్లలో ధూళి కటకముపై చేరును గనుక ప్లేయరును వాడనప్పుడు కప్పి యుంచవలెను.

అంగడిలో కొన్న చిత్రము పోయినచో మరియొక ప్రతి ఎచ్చటనో యుండును. మన యిండ్లలోను సంఘములలోను నున్న మరియొక విధమైన డిస్కులకు ఆ ఊరట లేదు. పెండ్లిండ్లు, పాఠశాల వార్షికోత్సవములు, పిల్లలాడిన తెలుగు నాటకములు, నేడు లేని ఉపాధ్యాయుల ప్రసంగములు 2000 తరువాతి సంవత్సరములలో సీడీలపైనను డీవీడీలపైనను ఎక్కింపబడినవి. అవి కర్మాగారమున అచ్చొత్తినవి కావు. వానిలో గుంటలకు బదులు ఒక రంగుపూత యుండును. వ్రాయు లేజరు ఆ పూతను అక్కడక్కడ కాల్చి గుర్తులు పెట్టును. ఎండ తగిలినను, వేడి తగిలినను ఆ రంగు వెలిసిపోవును. అట్టి డిస్కు పైకి చక్కగానే కనబడును గాని ప్లేయరు దానిని గుర్తింపదు. తరచుగా అది ఒక్కటియే ప్రతి.

ఇట్టి వానిని ఇప్పుడే కంప్యూటరులోనికి ఎక్కింపవలెను. కొన్న చిత్రములకు నిర్మాతల హక్కు అడ్డు వచ్చును గాని సొంత ఉత్సవముల డిస్కులకు ఆ చిక్కు లేదు. వీసీడీని కంప్యూటరులో తెరచినచో ఎంపెగావ్ అను పేరు గల ఫోల్డరులో డాట్ అను తోక గల ఫైళ్ళుండును. డీవీడీలో వీడియో_టీఎస్ అను ఫోల్డరుండును. వానిని మార్చక యథాతథముగా రెండు హార్డ్ డిస్కులలోనికి తీసికొని, ఒకటి సంఘమునను మరియొకటి వేరొక ఇంటను ఉంచవలెను. ఏటికొక పర్యాయము రెంటిని తెరచి చూడవలెను. ఫోల్డరునకు సంవత్సరము, నాటకము పేరు, ఆడినవారి పేర్లు తెలుగులోనే వ్రాయుట మంచిది. డిస్కు పెట్టెపై 'ఫంక్షన్ 3' అని యున్నచో పది సంవత్సరముల పిమ్మట అది ఏ యేటి ఉత్సవమో చెప్పగలవారు మిగులరు. డీవీడీ డ్రైవు గల పాత కంప్యూటరులు మన ఊరి ఇండ్లలో ఇంకను కొన్ని కలవు. క్రొత్తవానిలో ఆ డ్రైవే యుండుట లేదు గనుక, ఈ పనిని ఆ పాతవి నడచుచుండగనే చేసికొనవలెను.